కాయలు కాసిన వేళ్లు

అరసవల్లిలో మా ఇంటి ముందుగదిలో నేను వీణ నేర్పుతాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో నిజంగా చెయ్యి తిరిగింది నా చెల్లెలొక్కతికే. కచేరీలు చెయ్యాలని దానికి ఆశ. నాకు అంతకంటే ఎక్కువ ఆశ.

ఒకరోజు ఎడమచేతి వేళ్లు చూపించి, "అప్పా, తీగ నొక్కితే ఏటీ తెలీటం లేదే" అంది. వీణ వాయించేవాళ్ల వేళ్లకు కాయలు కాస్తాయి, నా వేళ్లకూ ఉన్నాయి. "కాయ కాసిందే మొద్దూ, సాధన సెయ్యి" అన్నాను. తీగ కోసుకుని నెత్తురు కారుతున్నా అది వాయిస్తూనే ఉంటే, ఆ చెయ్యి ఎత్తి మిగతా పిల్లలకు చూపించాను. సాధనంటే ఇదర్రా అన్నాను. నా నోరు పడిపోనూ!

ఆ నెలలోనే ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూ మా గుమ్మంలోకి వచ్చింది. కుష్టు సర్వే అట. ఎవరికైనా తిమ్మిర్లు గానీ, స్పర్శ లేని మచ్చలు గానీ ఉన్నాయా అని అడిగింది. చెల్లెలి మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఉందని నాకు తెలుసు. కానీ ముందుగదిలో పిల్లలు వింటున్నారు. "మా ఇంట్లో అలాటియి ఉండవమ్మా, ఎల్లిరా" అని పంపేశాను. పరువు! మచ్చ సంగతి సూర్యనారాయణస్వామే చూసుకుంటాడని మొక్కుకున్నాను.

ఏడాదికి వేళ్లు వంగిపోయాయి. అప్పుడు పరుగెత్తాం ఆసుపత్రికి. నెలకో మాత్రల అట్ట ఇచ్చేవారు, మొదటిరోజువి నర్సమ్మ ఎదుటే మింగాలి. మూత్రం ఎర్రగా వస్తే చెల్లెలు బెదిరిపోయింది, అది మందు రంగేనని నర్సమ్మ సర్దిచెప్పింది. తర్వాత ఆ మందుకే ఒళ్లు నల్లబడింది. వేళ్లు మళ్లీ లేస్తాయన్న ఆశతో పన్నెండు నెలలూ ఒక్క మాత్ర మానలేదు పిచ్చిది.

చివరి అట్ట అయ్యాక డాక్టరుగారు చెయ్యి పట్టి చూశారు. "రోగం పోయిందమ్మా. చచ్చిపోయిన నరానికి ఈ మందు ఏమీ చెయ్యలేదు. మందు మొదలెట్టడానికి ఏడాది ముందే రావలసింది" అన్నారు.

తిరిగొస్తుంటే ఆటోలో నేను ఏడుస్తున్నాను. చెల్లెలే నన్ను ఓదార్చింది. "నువ్వు మాత్రం ఏటి సేస్తావప్పా? మనకెవులు సెప్పేరు?"

ఇక ఆగలేకపోయాను. "ఇంటికొచ్చి అడిగేరే. నేనే పంపించేసేను" అన్నాను. ఆ రోజు జరిగిందంతా చెప్పేశాను.

చెల్లెలు ఇల్లు దగ్గరపడుతుండగా అడిగింది. "అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నానా?"

"ఉన్నావే" అన్నాను. "లోపలి గదిలో వాయిస్తన్నావు."