బారసాల నాడు అందరూ నవ్విన తొట్టి

పన్నెండేళ్ల కిందట రాయ్‌పూర్‌లో మా బాబు పుట్టినప్పుడు నా కుట్లకు చీము పట్టింది. గోరువెచ్చని నీళ్లలో కూర్చోమని డాక్టరమ్మ చెబితే, కమోడ్ మీద అమర్చుకునే ప్లాస్టిక్ తొట్టి కొనుక్కున్నాను.

బారసాల నాడు మా అత్తగారు ఆ తొట్టిని చుట్టాల మధ్యకు తెచ్చి, "సూడండర్రా దీని నఖరాలు! నలుగుర్ని కన్నాను, నాకేటి ఇలాంటివున్నాయేటి?" అన్నారు. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వారు.

సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆ వెంటనే ఒళ్లు మండింది. బాబును ఆయన చేతుల్లో పెట్టి, తొట్టి లాక్కున్నాను.

"కూర్చోలేక నిలబడి పాలిస్తున్నాను. ఇందులో నవ్వొచ్చిందేమిటో చెప్పండి" అన్నాను.

బాత్రూంలో గడియ పెట్టుకుని నీళ్లలో కూర్చున్నాను. బాబు ఏడుస్తున్నాడని మా ఆయన తలుపు కొట్టారు. "ఎత్తుకుని తిప్పండి" అన్నాను గానీ తియ్యలేదు.

నెలకు కుట్లు మానాయి. ఆ రోజు నవ్విన వాళ్లను మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.