ఎదురింటి పెళ్లి ఫోటో

నేను పాఠాలు చెప్పే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి నిన్న పాత పెళ్లి ఆల్బం తెచ్చి నా బల్లమీద తెరిచింది. పేజీల మధ్య పల్చటి కాగితం చరచరమంది, కలరా ఉండల వాసన ముక్కుకు కొట్టింది. చెంగల్రాయుడు సార్ గుర్తొచ్చారు. ఆయన పోయి ఏడాది కావస్తోంది.

నా చిన్నప్పుడు నగరి బడిలో ఆయన మాకు సోషల్ చెప్పేవారు. ప్రతి ఇంటి పెళ్లి ఫోటోలూ మా చేత స్కాన్ చేయించి, బడి కంప్యూటర్లో వీధుల వారీగా దాచేవారు. వీధిలోని ముసలమ్మలను పిలిపించి, ఫోటోల్లో ఎవరెవరున్నారో చెప్పించి, మా చేత పేర్లు టైపు చేయించేవారు. "రాజుల పేర్లు పరీక్షకుమా. ఈ పేర్లు మీకు" అనేవారు. అందరూ ఆల్బంలు తెచ్చారు. నేను ఉత్త చేతులతో వెళ్లాను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఆమె ఫోటోలన్నీ నాయన పొయ్యిలో పెట్టేశాడు. అమ్మ ముఖం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. ఆ మాట పదిమందిలో చెప్పాల్సి వచ్చేసరికి తల కొట్టేసినట్లయింది.

"మీ ఇంట్లో లేకుంటే ఎదురింట్లో ఉంటాదిమా" అన్నారు సార్. "మీయమ్మ ఎవురి పెండ్లికీ పోకుండా ఉండిందా?"

ఎదురింటి వల్లెమ్మవ్వను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. తన కూతురి పెళ్లి ఫోటోలు చూస్తూ చూస్తూ, ఒకచోట ఆమె తెరమీద వేలు పెట్టింది. "ఇదో, మజ్జిగ పోస్తా ఉండాదే, ఈమే మీయమ్మ." పంక్తి చివర బకెట్ పట్టుకుని వంగిన మనిషి. సార్ పెద్దది చేశారు. సగం ముఖమే కనబడింది. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఇన్నేళ్లూ మా అమ్మ ఎదురింటి బీరువాలో ఉన్నందుకు.

సంగతి తెలిసి మరునాడు నాయన మరమగ్గం దగ్గరినుంచి నేరుగా బడికి వచ్చాడు, తలనిండా నూలు దుమ్ముతోనే.

"ఆ బొమ్మ తుడిచేయండి సార్."

"అది వాళ్లింటి పెండ్లప్పా. తుడిచేదానికి నీదీ కాదు, నాదీ కాదు" అని సార్ కుర్చీ జరిపారు. నాయన కూర్చోలేదు. తెరమీది అమ్మ బొమ్మ దగ్గరికి వంగి చూశాడు.

"ఆ పొద్దు దానికి జరం. పోవద్దంటే ఇనలేదు సార్" అని బయటికి నడిచాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. నావైపు చూడలేదు.

ఇప్పుడు ఏర్పేడు దగ్గరి బడిలో నేనూ అదే పని చేస్తున్నాను. "మా ఇంట్లో ఏం లేదు టీచర్" అని ఎవరైనా అంటే ఎదురింటికి పంపుతాను. ఒక్కోసారి అక్కడా ఏమీ దొరకదు. అప్పుడు ఆ పిల్లకు ఏం చెప్పాలో సార్ నాకు నేర్పలేదు.

నాయన కూడా పోయాడు. అమ్మ గురించి ఆయన నోట నేను విన్నది ఆ జరం మాటొక్కటే. అదీ నాతో చెప్పింది కాదు, సార్‌తో చెప్పింది.