గనిలోంచి మాట్లాడిన మరిది

స్పీకరు పెట్టి మరిది పరువు తీశానని మావాళ్లంతా ఇప్పటికీ చెప్పుకుంటారు. పరువు నేను తీయలేదు, అతనే తీసుకున్నాడు.

గోదావరిఖనిలో అందరి చేతికీ సెల్‌ఫోన్లు కొత్తగా వస్తున్న రోజులవి. అత్తకు తుంటి ఆపరేషన్. చిన్నకొడుకును చూశాకే ఆపరేషన్ గది లోపలికి వస్తానని ఆమె దవాఖానలో మొండికేసింది. వదిన అమ్మను పట్టించుకోదని ఊరంతా చాటిన ఆ పెద్దమనిషి మాత్రం పత్తాలేడు. బంధువుల ముందే అతని సెల్‌కు చేశాను. అత్త వినాలని స్పీకరు పెట్టాను.

"డ్యూటీల ఉన్న వదినా, బాయిలకు దిగిన. ఎట్ల రావాలె?"

ఇంటి ఫోన్ ఉన్నన్నాళ్లూ తన పిల్లలతో చెప్పించిన మాటే అది. ఈసారి జేబులోంచి ఫోన్ తీసి తానే చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా ఆ బాయిలో, అంటే బొగ్గుగనిలో పనిచేసేవాళ్లే. లోపల సెల్ మోగదని ఎవరికి తెలియదు?

"అవునా? గంత కిందికి సిగ్నల్ మంచిగ వస్తున్నదా అయ్యా?" అన్నాను.

వార్డంతా నవ్వింది. అత్త నవ్వలేదు. "నడువు బిడ్డా, లోపలికి పోదాం" అని నా చెయ్యి పట్టుకుంది.

మావాళ్లంతా చూసే ఈ ఫేస్‌బుక్ పేజీ అతనూ చదువుతాడు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. తల్లి నీకోసం ఎదురుచూస్తుంటే, ఆ మధ్యాహ్నం నువ్వెక్కడున్నావయ్యా?