అన్నిటికీ యెస్

జహీరాబాద్‌లో మాది పెళ్లికార్డుల దుకాణం. పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ నాకు చాలు. నా బామ్మర్దికి చాలదు. తన పెళ్లికార్డులో నా పేరు వేయకుండా నన్ను బంధుమిత్రుల్లో కలిపేసిన మేధావి అతను. అలాంటివాడు కొత్త వెర్షన్ తేకుండా ఎలా ఉంటాడు?

ఆ రోజు న్యాల్‌కల్ నుంచి ఒక రైతు వచ్చాడు. చిన్నకొడుకు పెళ్లి. అతని పెద్దకొడుకు కార్డు ఫైలులోనే పేర్లు మార్చాలి. పెదనాన్నలు, మేనమామలు ఎవరి తర్వాత ఎవరన్నది అప్పుడే పోట్లాడుకుని తేల్చుకున్నారు కదా. ఆ కార్డు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు. మళ్లీ అడిగితే మళ్లీ పంచాయితీయే. పైగా చీకటి పడకముందే మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టాలట.

ఫైలు తెరవబోతే సాఫ్ట్‌వేర్ లేవలేదు.

"ఏం జేసినవ్‌రా?" అన్నాను బామ్మర్దితో.

"కొత్తది ఎక్కించిన బావా. గీ ఫైలు ముందే ఉంది, దీని మీద రాయాల్నా అని ఊకె అడుగుతున్నది. అన్నిటికీ యెస్ కొట్టిన."

"చదివినవా?"

"గంత చదివేటోన్నైతే నీ దుకాణంల ఎందుకుంట?"

సాఫ్ట్‌వేర్ నడవడానికి కావలసిన ఫైలు ఒకటి రెండు వెర్షన్లలోనూ ఒకే పేరుతో ఉంది. కొత్తది వచ్చి పాతదాని స్థానంలో కూర్చుంది. రైతు ఫైలేమో కొత్తదానిలో తెరుచుకోదు.

"గంతేనా? కొత్తది తీసేస్త" అని, నేను వద్దనేలోపే తీసేశాడు. అది పోతూ పోతూ ఆ ఉమ్మడి ఫైలును కూడా పట్టుకుపోయింది. అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఒక గోడన్నా మిగులుతుంది.

"సేటూ, అయితదా, కాదా? మా పెద్దన్న పేరు జర కిందికి పోయినా పెండ్లికి రాడు" అన్నాడు రైతు.

"అయితది పటేలా, కూసో."

బీరువాలోంచి పాత సీడీ తీసి, ఆ సాఫ్ట్‌వేర్‌కు విడిగా ఒక ఫోల్డర్ చేసి మళ్లీ ఎక్కించాను. రెండింటికీ చెరొక ఫోల్డర్ పెట్టమని బామ్మర్దికి ముందే చెప్పాను. అప్పుడు "నీది పాత జమానా బావా" అన్నాడు, రేకుల షెడ్డు చాయ్ హోటల్లో, నలుగురి ముందు.

ఫైలు తెరుచుకుంది. వరుస చెక్కు చెదరలేదు. పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురి తరఫువాళ్ల పేర్లు, ముహూర్తం మార్చి ప్రింటు కొట్టాను. నేను మౌస్ వదిలేలోపే బామ్మర్ది మొదటి కార్డును రెండు చేతులతో రైతుకు అందించాడు. రైతు తన పెద్దన్న పేరు మీద వేలు పెట్టి చూసుకుని, బామ్మర్ది భుజం తట్టాడు.

"నువ్వుండబట్టి మా ఇజ్జత్ దక్కింది బిడ్డా! పెండ్లికి ఇంటిల్లిపాది రావాలె."

"ఏముంది పెద్దాయనా, గింత పని" అన్నాడు వినయంగా.

"నువ్వు గూడ రా సేటూ" అన్నాడు రైతు, మెట్లు దిగుతూ.

నేను పోలేదు. బామ్మర్ది పోయాడు. రైతు వాళ్ల పెద్దన్నే దగ్గరుండి వడ్డించాడట. వంకాయకూర బ్రహ్మాండమట.