అరగంట తర్వాతి మాటలు

మగ్గాల మిల్లులో ముప్పై ఆరేళ్ళు పనిచేసినందుకు, రిటైరైన రోజున ఆయనకు ఒక గోడగడియారం ఇచ్చారు. ఆయన వినికిడి మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి మిషన్ పెడితేనే పనిచేస్తుంది. వీధిలో అందరూ ఆయన్ని పొదుపు మావయ్య అంటారు. అనేది వెక్కిరింపుగానే. ఆయన మాత్రం దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

ఆయన పెన్షనూ, కుట్టు ఫ్యాక్టరీలో భార్య తెచ్చే జీతమూ కలిపినా అద్దె, సరుకులు, మందులు పోగా చెవికి మిగిలేది నెలకు రెండు బ్యాటరీల డబ్బు. బ్యాటరీ అంటే ఎంత, బఠానీ గింజంత. రోజంతా పెట్టుకుంటే పది రోజులు వస్తుంది. నెలకు ముప్పై రోజులాయె! మిగతా పది రోజుల మాటేమిటి? లోకంలో ఏ చప్పుడు పోయినా ఆయనకు చింత లేదు గానీ, భార్య గొంతు వినబడని ఇల్లు ఆయనకు ఇల్లు కాదు. ఆ గొంతు నెలాఖరుదాకా అందాలని వినికిడికే రేషన్ పెట్టాడు. రోజుకు ఆరు గంటలతో మొదలుపెట్టి, చాలక కోస్తూ కోస్తూ రెండు గంటలకు దిగాడు.

ఆ రెండు గంటలూ పంచడంలో ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఆకలి మీద తిన్న మొదటి ముద్ద రుచి పదో ముద్దకు ఉండదు, చెవికైనా అంతే అనేవాడు. రేడియో వార్తలు అయిదు నిమిషాలు, ఆ తర్వాతదంతా చెప్పిందే చెప్పడం. వానకు రెండు నిమిషాలు. బావమరిది వస్తే మొదటి జోకు వరకే. రెండో జోకు కూడా మొదటిదే అని ముప్పై ఏళ్ళ అనుభవం. ఎక్కడైనా పావుగంట మిగిలిందా, దాన్ని ఎక్కడ ఖర్చుపెడితే ఎక్కువ గిట్టుబాటవుతుందో అని తెగ బేరీజు వేసేవాడు. బావమరిది దగ్గర కోసి, ఆదివారం మనవరాలి ఫోనుకు అతికించేవాడు. ఇంత తూకంగా బతికేవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

భార్యకు సాయంత్రం అరగంట. ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కూరగాయలు ముందేసుకుని కూర్చుంటే చాలు, మాటలు గలగలా వచ్చేస్తాయి. సూపర్‌వైజరు నడక, టిఫిన్ డబ్బాలు తారుమారైన గొడవ, కొత్తగా చేరినామె గురక. ఆయన కడుపుబ్బ నవ్వేవాడు. అరగంట కాగానే చెవి వెనక గోక్కున్నట్టు వేలు పెట్టి టక్కున మిషన్ ఆపేసేవాడు. తర్వాత ఆవిడ పెదవులు కదులుతూనే ఉండేవి. ఈయన ఊఁ కొడుతూనే ఉండేవాడు.

“గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో ఉన్నవి వాటికే,” అని ఆవిడ పక్కింటామెతో అనేది.

ఇంత చేసినా నెల గట్టెక్కేది కాదు. మొదటి బ్యాటరీ పన్నెండు రోజులు, రెండోది ముక్కుతూ మూలుగుతూ ఏడు రోజులు. ఆ తర్వాత నెలాఖరుదాకా నిశ్శబ్దమే. వార్తలు తీసేశాడు, వాన మానేశాడు, అయినా అంతే. ఇక కోయడానికి మిగిలింది భార్య అరగంటే. దాన్ని పావుగంట చేద్దామా అని ఒక మధ్యాహ్నం కూర్చుని ఆలోచించాడు. మనసొప్పలేదు. దానికి బదులు కోపం వచ్చింది. నకిలీ సరుకు అంటగడుతున్నారని గొడుగు పుచ్చుకుని దుకాణానికి బయల్దేరాడు.

దుకాణం ఆవిడ నింపాదిగా అంతా విన్నది.

“తాతగారూ, రెండో బ్యాటరీ మీద అంటించిన స్టిక్కర్ ఎప్పుడు పీకుతారు?”

“ఒకటో తారీఖునే, రెండూ ఒకేసారి. దారాలు పట్టీ పట్టీ నా వేళ్ళు మొద్దుబారాయమ్మా, గోరు ఆనదు. ఒక్కసారి కూర్చుని కష్టపడితే నెలంతా బెంగుండదని.”

“అయ్యో రామ! స్టిక్కర్ తీసిన క్షణం నుంచి గాలి తగిలి అది అరిగిపోతూనే ఉంటుందండీ. మీరు వాడినా అంతే, మూత పెట్టి దాచినా అంతే.”

“మరి నేను మిషన్ ఆపేస్తున్నానే?”

“ఆపితే మహా అయితే ఒకటి రెండు రోజులు కలిసొస్తాయి. ఒకదాని తర్వాత ఒకటి తీసి, పొద్దుట్నుంచి రాత్రిదాకా పెట్టుకున్నా మీకు ఇరవై రోజులు వచ్చేవి.”

తనకు వచ్చినవి పందొమ్మిది. నాలుగేళ్ళు నోరు కట్టుకున్నట్టు చెవి కట్టుకున్నందుకు దక్కిన లాభం, ఒక రోజు నష్టం! గొడుగు అక్కడే మరిచిపోయి వచ్చాడు. దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. బావమరిదికి తెలిస్తే ఊరంతా టాంటాం వేస్తాడని సిగ్గుపడ్డాడు. మిషన్ మాత్రం ఆపలేదు. సైకిల్ బెల్లు, ఎవరింట్లోనో మూత పడిన చప్పుడు, తన చెప్పుల చప్పుడు, అన్నీ విన్నాడు.

సాయంత్రం ఆవిడ వచ్చింది. కూరగాయలు, సూపర్‌వైజరు, నవ్వులు. అరగంటయింది. అలవాటుకొద్దీ వేలు చెవి వెనక్కి పోయింది. గోక్కుని, మిషన్ ముట్టకుండానే దించేశాడు.

ఆవిడ అది చూసింది. గొంతు తగ్గింది. కత్తిపీట పక్కకు జరిపి, ఆయన వైపు చూడకుండానే మాట్లాడసాగింది.

“ఇవాళ కూడా కుట్టు పక్కకు పోయిందండీ. నన్ను కాజాల దగ్గర్నుంచి తీసేసి మడతలు పెట్టే బల్లకు పంపారు. కుడి కంటి పొర ముదిరిందట, ఆపరేషన్ చెయ్యాలన్నాడు డాక్టరు. నా దగ్గర దాచింది ఉందనుకోండి. దాన్ని కంటికి పెడితే మీకు కొత్త మిషన్ ఎలా వస్తుంది? ఇప్పుడున్నది రేపో మాపో మూలపడేట్టుంది. ఎడం కన్ను బాగానే ఉందిగా, రెండో కంటికి అంత ఖర్చెందుకు? మీకున్నది ఒక్క చెవే.”

ఆయన ఊఁ కొట్టలేదు. తనదే లెక్క. తన తూకమే, తన సిద్ధాంతమే, ఆవిడ నోట ఇంత తేలిగ్గా వస్తోంది.

“ఎన్నాళ్ళయిందే?” అన్నాడు.

ఆవిడ చేతిలోని వంకాయ జారిపోయింది. “వినబడుతోందా మీకు?”

“ఎన్నాళ్ళయిందీ అంటే!”

“రెండేళ్ళవుతోంది. చెబుతూనే ఉన్నాను. ఊఁ కొడుతూనే ఉన్నారు.”

“నేను ఆపేస్తానని తెలుసా నీకు?”

“తెలియకేం? మీరు వింటూ కొట్టే ఊఁ వేరు, వినకుండా కొట్టే ఊఁ వేరు. ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే ప్రాణం ఊరుకోదు కదండీ.”

“మరి మొదటి అరగంటలో చెప్పొచ్చుగా!” అరిచాడో ఏడ్చాడో ఆయనకే తెలియలేదు.

ఆవిడ వంకాయ తీసి నీళ్ళలో వేసింది.

“మీరు నా మాట వినేదే ఆ కాస్తసేపు. నవ్వుతూ వింటారు. దాన్ని కూడా పాడుచేసుకోమంటారా?”