బండ్రి దారిలో ఊడిన బెల్టు

మా కంపెనీ తయారుచేసే జీపుల్లో సీటు బెల్టు బకిలు దానంతటదే ఊడుతుందని నాకు తెలుసు. కళ్లారా చూశాను. అయినా నివేదికలో రాయలేదు.

బండ్రి దగ్గర గనిదారిలో, గనివాళ్లు కొన్న మా జీపు గుంతలో పడి, పక్క సీటులోని మేస్త్రీ ఎగిరి బయటపడ్డాడు. కాలు విరిగింది. అతనికి బెల్టు పెట్టలేదన్న నింద గని డ్రైవరు హనుమంతప్ప మీద పడింది. విచారణకు కంపెనీ నన్ను మద్రాసు నుంచి పంపింది.

"నా చేత్తో పెట్టినా సార్. అదే ఊడింది. కూసోండి, సూపిస్తా" అన్నాడు హనుమంతప్ప. నేను బెల్టు పెట్టుకున్నాక, తలరుమాలు విప్పి దాని మీదుగా నన్ను సీటుకు బిగించి కట్టాడు.

"ఇదెందుకయ్యా?" అని నవ్వాను.

"మీరు బెల్టుని నమ్ముకోండి సార్. ఎద్దులబండి మీద మూటలకి ఏసే ముడి ఇది. నేను దీన్ని నమ్ముకుంటా."

అదే గుంత దగ్గర గట్టిగా బ్రేకు వేశాడు. బకిలు ఊడిపోయింది. నన్ను ఆపింది రుమాలే.

"ఇప్పుడన్నా నిజం రాస్తారా?"

తల ఊపాను. మద్రాసు చేరి, నా ఉద్యోగానికి భయపడి, తప్పు డ్రైవరుదేనని రాశాను. అతని ఉద్యోగం పోయింది.

నాలుగేళ్ల తర్వాత ఆ నివేదిక అబద్ధమని రాసి, సంతకం పెట్టి గని యజమానికి పంపాను. నీ ఉద్యోగం పోతుందని కంపెనీ బెదిరించింది. పోనీ అన్నాను. తర్వాత బండ్రి వెళ్లి, అతను పని చూసుకున్న లారీల అడ్డాలో పదిమంది డ్రైవర్ల ముందు అతనికి చేతులు జోడించాను.

"హనుమంతప్పా, నువ్వు బెల్టు పెట్టావు. నేనే అబద్ధం రాశాను. నన్ను క్షమించు."