బస్సు దిగబోయిన అవ్వ

పీహెచ్‌డీలో నా పని గ్రాఫైట్ మీద లేజర్ కాంతి వేసి, దాని పైపొరలో ఎలక్ట్రాన్లు ఎలా కదులుతాయో చూడటం. ఓసారి భద్రాచలంలోని మా ఇంట్లో సెలవు గడిపి, డబ్బీలో గ్రాఫైట్ ముక్కతో మరో ల్యాబ్‌కని ఖమ్మం బస్సెక్కాను. అడవి దారిలో పోలీసులు తనిఖీకి బస్సు ఆపారు.

మహిళా కానిస్టేబుల్ నా డబ్బీ తెరిచి, "ఏందమ్మా ఇది, బొగ్గా?" అంటూ బొటనవేలితో నొక్కింది.

"అయ్యో మేడం, ముట్టకుండ్రి!" అని, వేలి జిడ్డంటితే పైపొర పాడవుతుందన్న కంగారులో గట్టిగా అరిచాను. ఆ కేకకు ఎస్సై పరుగున బస్సెక్కాడు.

"ఏమున్నది దాంట్ల? జల్దీ చెప్పు!"

భయంతో నోట్లోంచి ఒకటే మాట వచ్చింది. "ఎలక్ట్రాన్లు సార్!"

పక్కసీటు అవ్వ సంచి తీసుకుని లేచింది. "బిడ్డా, అవి పేల్తయా?"

ఏడుపు ఆపుకుంటూ ఐడీ కార్డు చూపించి, నా చదువు గురించి చెప్పాను. అప్పుడు గుర్తొచ్చింది, ప్రయోగానికి ముందు ఎలాగూ పైపొర తీసేయాలని! బ్యాగులోని టేపు అంటించి లాగాను. వేలిముద్రతో సహా పొర ఊడొచ్చి, కింద కొత్త పొర తళతళలాడింది.

"మరి గంత లొల్లి ఎందుకు పెట్టినవమ్మా?" అంది కానిస్టేబుల్. బస్సంతా ఒకటే నవ్వు.

ఇప్పుడు నా పరిశోధన గురించి ఎవరడిగినా, "పేలదు" అని చెప్పాకే మొదలుపెడతాను.